తెలియకుండా జరిగిన పెళ్లి

వెర్నా హాల్వర్సన్‌కి యాభై ఎనిమిదేళ్లు. టకోమాలో స్కూలు బస్సు నడుపుతుంది. శనివారం పెగ్‌ని పెళ్లి చేసుకోబోతోంది. కేకు చెప్పేశారు, పెగ్ వాళ్ల అన్నయ్య అలాస్కా నుంచి టిక్కెట్టు కూడా కొనేశాడు. పెళ్లి లైసెన్సు చేతికొచ్చాక మూడు రోజులు ఆగాలి కనుక మంగళవారమే ఇద్దరూ ఆ లైసెన్సులిచ్చే ఆఫీసులో కౌంటర్ దగ్గర నిలబడ్డారు.

గుమస్తా కంప్యూటర్‌లోకి రెండుసార్లు చూసింది.

"మేడం, మీకు ఇదివరకే పెళ్లయింది కదండీ."

"నాకా? ఎవరితో?"

"అయోన్ ప్రూయిట్ గారితో."

పెగ్ నవ్వింది. వెర్నాకి నవ్వు రాలేదు.

అయోన్‌తో ఆమె పదేళ్లు కాపురం చేసింది. ఆడవాళ్లిద్దరి పెళ్లికి చట్టం ఒప్పుకోని రోజులవి. కనీసం ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చోనిస్తారని, ఇద్దరూ ప్రభుత్వ రికార్డులో జంటగా పేర్లు నమోదు చేయించుకున్నారు. నమోదైన మూడేళ్లకి విడిపోయారు. పడవ అయోన్ తీసుకుంది, పిల్లిని వెర్నా తెచ్చుకుంది. పెళ్లే కానప్పుడు విడాకులేమిటి? ఆ నమోదు రద్దు చేయించాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఆ తర్వాత చట్టం మారింది. రద్దు కాకుండా మిగిలిన అలాంటి జంటలకి ఒక జూన్ చివరి రోజున వాటంతటవే పెళ్లిళ్లయిపోయాయి.

పెళ్లి హక్కు కోసం ఈ మనిషి వానలో నినాదాల అట్టలు పట్టుకుని గొంతు పోయేలా అరిచింది. తీరా తన పెళ్లి జరిగిన రోజున ఏ బస్సు కడుక్కుంటూ ఉందో ఆమెకే తెలియదు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? ఎవరిని తిట్టాలో కూడా తోచలేదు. వరండాలోకి వెళ్లి అయోన్‌కి ఫోన్ చేసింది.

"ఏమే, మనకి పెళ్లయిందట."

"తెలుసు. చట్టం మారినప్పుడే ఇద్దరి పేర్లతో ఉత్తరం ఇక్కడికే వచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే రద్దు చేయిస్తావు కదా."

వెర్నా ఫోన్‌ని రెండో చెవికి మార్చుకుంది.

"గొడవేం చెయ్యన్లే," అంది అయోన్. "కాగితాలు పంపు, సంతకం పెడతా. అందరితో సమానంగా చూడమన్నాం కదే, చూస్తున్నారు. విడాకులకి కూడా అందరిలాగే తొంభై రోజులు ఆగాలి."

వెనకనుంచి పెగ్ వచ్చింది.

"ఏమంటోంది?"

"సంతకం పెడతానంది."

"పోనీలే, తొంభై రోజులేగా. వేసవిలో చేసుకుందాం." పెగ్ ఆమె మొహంలోకి చూసింది. "నీకు విడాకులు కావాలి కదా?"

ఇందులో ఆలోచించడానికేముంది? పెగ్ అంటే ప్రాణం. అయోన్ ముక్కుమీద కోపం ఇప్పటికీ గుర్తుంది, మళ్లీ ఆ గడప తొక్కే ఉద్దేశం లేదు. అయినా, అన్నేళ్లు అడిగి తెచ్చుకున్న పెళ్లి తనకి ఒకటుందని తెలిసి ఇంకా పావుగంట కాలేదు. అది ఎలా ఉంటుందో చూడకముందే తెంచుకోవాలట. తను ఏడవబోతోందని ఆమెకి అర్థమైంది, ఎవరి కోసమో మాత్రం అర్థం కాలేదు.

"కావాలి," అంది చివరికి.

పెగ్ అప్పటికే కోటు గుండీలు పెట్టుకోవడం పూర్తి చేసింది.

"అన్నయ్యని రావద్దని చెప్తాను," అంది. "మళ్లీ ఎప్పుడు రావాలో మాత్రం నువ్వే ఫోన్ చేసి చెప్పు. నేను చెప్పను."