బండి ఉన్నోడు

మొగిలికి తెలంగాణ రావాలి. అందులో రెండో మాట లేదు. కానీ అంతకంటే ముందు ఆ జీపు పోవాలి.

కోకాపేటలో జీపున్నది మొగిలి ఒక్కడికే. భూములున్న రోజుల్లో ఎరువు బస్తాలకూ కూరగాయల గంపలకూ కొన్నాడు. భూములు పోయాయి, వాటి మీద మేడలు లేస్తున్నాయి, జీపు మాత్రం మిగిలింది. మిగిలినదానికి ఉద్యమం పని చెప్పింది. బంద్ అంటే జీపు. ర్యాలీ అంటే జీపు. మైకుసెట్టు కట్టాలన్నా, రోడ్డు మీద వంటావార్పుకు గుండిగలు మోయాలన్నా, అరెస్టయిన పిల్లలను ఠాణా నుంచి ఇళ్లకు చేర్చాలన్నా జీపే. జీపంటే మొగిలి కూడా. దాని క్లచ్చు ఊళ్లో ఇంకెవరి కాలికీ లొంగదు. సకల జనుల సమ్మె మొదలై బస్సులు కూడా ఆగిపోయాక అతని వాకిట్లో కోడికంటే ముందు మనిషి కూస్తున్నాడు.

"కాకా, జర లెవ్వే" అన్న పిలుపుకు మొగిలి ఎన్నడూ కాదనలేదు. కాదంటే ఏమవుతుందో ఆలోచించే ధైర్యం కూడా చేయలేదు. ద్రోహి అన్న మాట ఆ రోజుల్లో చాలా తేలిగ్గా దొరికేది. నడుము పట్టేసింది. కళ్లు మండుతున్నాయి. బండి లేకపోతే అడగరు. అతనికి తోచిన దారి అదొక్కటే. ఊరివాడికి అమ్మితే లాభం లేదు, కొన్నవాడే వచ్చి "నువ్వే తోలు కాకా" అంటాడు. అందుకని హఫీజ్‌పేట్‌లో ఒక బ్రోకరు చెవిన వేశాడు.

ఆదివారం పొద్దున ముగ్గురు వచ్చారు. కొనేవాడు కిరణ్ పాల్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తెనాలి వైపు మనిషి, చందానగర్‌లో కాపురం. తక్కిన ఇద్దరూ అతనికి సలహాదారులు. పాత జీపులంటే పడిచచ్చే గుంపు ఒకటుంది. సెలవు రోజున గుట్టలెక్కించడం, బురదలో దింపడం, మళ్లీ బయటికి లాగడం వాళ్ల సరదా. ఆ గుంపుకు పెద్ద సైమన్, సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగినవాడు. టార్చి పట్టుకుని వెనకే నిలబడ్డ అమ్మాయి ప్రియదర్శిని, కిరణ్ ఆఫీసులోనే పనిచేస్తుంది.

సైమన్ ముందుగా బానెట్ మీద అరచేయి పెట్టాడు.

"ఇంజన్ వేడిగుంది. మేమొచ్చేముందే స్టార్ట్ చేసినవంటే ఏందో దాస్తున్నవన్నా."

"దాసుడేంది సారూ? తెల్లారకముందు పోయి, ఇప్పుడే మైకుసెట్టు దింపొచ్చిన."

ప్రియదర్శిని నవ్వు ఆపుకుంది. ఆ బానెట్ మీదే గులాబీ రంగుతో జై తెలంగాణ అని రాసి ఉంది. కిరణ్ గొంతు తగ్గించి, "సార్, ఇది ఉంచాలా, చెరిపించేయాలా?" అన్నాడు.

"ఉంచు. చందానగర్ దాకా ఎవ్వడూ ఆపడు" అంటూ సైమన్ గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు.

"ఎందుకు అమ్మేస్తున్నారండి బాబాయ్ గారూ?" అని కిరణ్ అడిగాడు. సైమన్ నేర్పిన ప్రశ్నే. ముఖం చూస్తూ అడగమన్నాడు.

"నడుము నొస్తది" అన్నాడు మొగిలి. అబద్ధమేమీ కాదు.

కింది నుంచి సైమన్ గొంతు వచ్చింది. "అన్నా, ఫోర్ వీల్ అన్నవ్ గద?"

"ఔ. లివరున్నది సూడరాదు."

"లివరుంది. ముందు షాఫ్టు ఏది?"

మొగిలికి అప్పుడు గుర్తొచ్చింది. ముందు చక్రాలకు ఇంజన్ బలాన్ని అందించే ఇనుప గొట్టం అది. డీజిల్ కలిసొస్తుందని ఎప్పుడో ఒక మెకానిక్ చెబితే ఊడదీయించాడు. ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయి, బ్రోకరుకు నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ బండి అని నిండు మనసుతో చెప్పాడు.

"షాఫ్టు లేకపోతే ఇది మామూలు జీపే కిరణ్. పద పోదాం" అని సైమన్ బయటికి జరిగాడు.

"పోకుండ్రి! ఉన్నది, ఇంట్లనే ఉన్నది!"

ఇంటి వెనక కోళ్ల గూడు మీద రేకుకు దూలంగా ఉంది షాఫ్టు. మొగిలి దాన్ని పట్టి లాగబోతే భార్య కిష్టమ్మ అడ్డం వచ్చింది.

"అది గుంజితే రేకు కూలదా?"

"కూలనీ."

"కోళ్లు యాడ పండాలె? నీ మంచం మీదనా?"

"నేను పండితె గద ఆ మంచం మీద! పండనియ్యి."

ప్రియదర్శిని వెళ్లి రెండు చేతులతో రేకు పట్టుకుంది. "ఆంటీ, నేను పట్టుకుంటాను. మీరు కర్రేదైనా తెచ్చి పెట్టండి."

"అయ్యో, కోడిరెట్ట అంటుతది బిడ్డా!" అంటూ కిష్టమ్మ కర్ర కోసం పరుగెత్తింది.

షాఫ్టును కిరోసిన్‌తో కడిగి, గ్రీజు పట్టించి, సైమన్ మళ్లీ బండి కిందికి వెళ్లాడు. సగం బోల్టులు బిగిశాయో లేదో, నరేందర్ మోటార్‌సైకిల్ వచ్చి వాకిట్లో ఆగింది. డిగ్రీ చదివి ఉద్యోగం లేక తిరిగి తిరిగి, ఇప్పుడు ఊళ్లో ఉద్యమం పనులన్నీ చూస్తున్నది అతనే.

"కాకా, గుండిగలు తయారున్నయ్. ఊరంత చౌరస్తాల కూసుంది, జల్ది పోదాం." అప్పుడు బండి కింద కాళ్లు కనిపించాయి. "ఎవరియివి?"

మొగిలి నేల చూశాడు. "బండి కొననీకి వచ్చిండ్రు."

"అమ్ముతున్నవా? సమ్మె నడుమల?" నరేందర్ కిరణ్ వైపు తిరిగాడు. "ఏ ఊరన్నా మీది?"

"తెనాలి దగ్గరండి."

"మస్తున్నది కాకా. భూములు గట్ల పాయె, ఇగ ఉద్యమం బండి ఆంధ్రకా?"

"సూడు తమ్మీ, నాది సికింద్రాబాదే" అంది బండి కింది గొంతు. "గా పద్నాలుగు నంబర్ పానా జర ఇటియ్యి."

నరేందర్ వంగి పానా అందించాడు. అందించాక గాని తానేం చేశాడో తెలియలేదు. మరింత చిరాకుపడ్డాడు. "సరే, గవన్ని తర్వాత. సారును బయటికి రమ్మను. పోదాం."

మొగిలి కాలు అలవాటుగా బండి వైపు కదిలింది. రెండేళ్లుగా ఆ కాలు అలాగే కదులుతోంది. దాన్ని ఆపడానికి తలుపు పట్టుకోవలసి వచ్చింది.

"నేను రాను" అన్నాడు.

కిష్టమ్మ గడప దాటి బయటికొచ్చింది.

"తెలంగాణ అద్దని కాదు నరేందర్. పానం బాగలేదు. ఇయ్యాల నాతోటి కాదు."

నరేందర్ అతన్ని పైకీ కిందికీ చూశాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. "రాజయ్య మామా, నీ ట్రాక్టర్ ఖాళీనా? ఆఁ, గుండిగలకే. తే." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "గింత దానికి అంత పరేషాన్ ఎందుకే కాకా? మొదలే చెప్తే మొదలే ట్రాక్టర్ పిలుస్తుంటి గద."

మోటార్‌సైకిల్ వెళ్లిపోయింది. మొగిలి అరుగు మీద కూలబడ్డాడు. ఇంతేనా? ఇంతేనా ఇది? పోయిన రాత్రుల నిద్రంతా గుర్తొచ్చి కడుపు మండింది. ఎవరి మీద మండాలో తెలియక అది కూడా కాసేపటికి చల్లారింది.

షాఫ్టు బిగించి ఊరి వెనక గుట్టకు తీసుకెళ్లారు. రాత్రి వానకు మట్టి జారుతోంది. సగం ఎక్కాక వెనక చక్రాలు తిరిగిన చోటే తిరిగాయి. సైమన్ లివరు లాగాడు. ముందు చక్రాలు నేలను పట్టుకున్నాయి, జీపు మూలుగుతూ పైకెక్కింది. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని మెడ పట్టేసిన కిరణ్ ముఖం ఒక్కసారి విప్పారింది.

"బండి మంచిది, తీసుకో" అన్నాడు సైమన్. "కానీ ఇయ్యాల కాదు. పేరు మార్చే ఆఫీసు గూడ సమ్మెలనే ఉంది. సమ్మె అయిపోయి కాయితాలు నీ పేరు మీదికి వచ్చినంకనే బండి ముట్టాలె. అప్పటిదాకా అన్న దగ్గరనే ఉండనీ."

మొగిలి ముఖంలో నెత్తురు లేదు. సమ్మె అయ్యేదాకానా? సమ్మె నుంచి తప్పించుకోవడానికే గదా ఈ తిప్పలన్నీ.

కిరణ్ అది చూశాడు. "బాబాయ్ గారూ, ఇందాక రానన్నారు, ఆయనా ఏమీ అనలేదు కదండీ. ఇంకొన్నాళ్లు మీ దగ్గరుంటే ఇబ్బందేంటండి?"

"ఒక్కపాలి అన్న బిడ్డా. గా ఒక్క మాటకే కాళ్లల్ల సత్తువ పోయింది. రేపు ఇంకొకడొస్తడు, వానికి మల్ల చెప్పాలె. ఎల్లుండి ఇంకొకడు. రానని చెప్పెతందుకు గూడ ఓపిక ఉండాలె గద. అది లేదు నాకు. కాయితాలన్ని నీ తాననే పెట్టుకో, యాడ సంతకం పెట్టమంటే ఆడ పెడ్త. బండి మాత్రం గియ్యాలనే తీస్కపో."

సైమన్ వద్దన్నట్టు తల ఊపాడు. కిరణ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"తీసుకెళ్తానండి."

"నా మాట ఇననోనివి నన్నెందుకు పిలిచినవ్‌రా?"

"షాఫ్టు కోసం సార్" అంది ప్రియదర్శిని.

బయానా డబ్బు మొగిలి చేతికి ముట్టింది. చౌరస్తా దాటేదాకా పక్కన కూర్చోమని కిరణ్ బతిమాలాడు. మొగిలి ఎక్కాడు. సైమన్, ప్రియదర్శిని తమ కారులో వెనక వచ్చారు.

చౌరస్తాలో జనం దూరం నుంచే జీపును గుర్తుపట్టి కేక వేశారు. దగ్గరికొచ్చాక స్టీరింగు వెనక కొత్త ముఖం కనిపించి కేక సన్నగిల్లింది. నరేందర్ వచ్చి కాసేపు చూసి, అడ్డం కట్టిన తాడు విప్పాడు.

"తెనాలి అన్నా, నీ నంబర్ ఇచ్చిపో. మల్ల బంద్ నాడు ఫోన్ చేస్త."

"అంటే... చూద్దామండి."

"మొదాల్ అందరు గట్లనే అంటరు" అని నవ్వాడు నరేందర్.

మొగిలి దిగాడు. జీపు వెళ్లిపోయింది. ఎవరో జరిగి చోటిచ్చారు, ఎవరో విస్తరి వేశారు. రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని పప్పన్నం తిన్నాడు. రెండోసారి వడ్డించేలోపు డివైడరుకు వీపు ఆనింది. కళ్లు మూతలు పడ్డాయి.

ట్రాక్టర్ రాజయ్య గొంతు వినిపించింది. "నేను పోవాలె. గుండిగలు వాపస్ ఎవలు దెస్తరే?"

మొగిలి విన్నాడు. కళ్లు తెరవలేదు.