వంటగట్టు ఎత్తు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. ఒక్కో మాటా కూడబలుక్కుని రాస్తాను, అందుకే రాయడం ఆలస్యం.

మా ఆయన పోయాక అనకాపల్లిలో మా అబ్బాయి నానాజీ ఇంట్లో ఉన్నాను. వంటంతా నాదే. కె. కోటపాడు నుంచి మా అక్క తలుపులమ్మ రమ్మంటూనే ఉండేది. అక్కడ సాయంత్రం పూట పెద్ద ఆడవాళ్ళకి చదువు చెబుతున్నారట. వెళతానంటే, "కొత్త వంటగది పని అవనీ అమ్మా, సూద్దాం," అనేవాడు నానాజీ.

ఒక ఆదివారం వంటగట్టుకి రాయి చూడ్డానికి నన్నూ తీసుకెళ్ళారు. కోడలు బిందుమాధవికి తెల్ల పాలరాయి నచ్చింది. కొట్టు యజమాని షాబాజ్ దాని మీద నిమ్మచెక్క పిండాడు. కాసేపాగి తుడిస్తే ఆ మేర మెరుపు పోయింది. నల్ల గ్రానైట్ మీద పిండితే ఏమీ కాలేదు.

"పులుసు కాసే ఇంటికి ఇదేనమ్మా. మునిమనవలొచ్చినా సెక్కు సెదరదు," అన్నాడు.

"అయితే ఇదే. మా అమ్మ సేతి పులుసుకి ఆ తెల్లరాయేటాగుతాది!" నానాజీ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. అన్నేళ్ళూ ఆ రాయి ముందు నిలబడేది ఎవరు?

షాబాజ్ మా వెంటే ఇంటికొచ్చి టేపు తీశాడు. "వండేవాళ్ళు ఇలా నిలబడండి. మోచేతికి కొంచెం కిందికి రావాల గట్టు."

కొడుకూ కోడలూ నావైపే చూశారు. నేను కదల్లేదు. నా కొలతకి కట్టాక నన్నెవరు పంపుతారు?

"బిందూ, నువ్వు నిలబడు."

"నేనేటత్తయ్యా! తెల్లారితే అచ్యుతాపురం కంపెనీ బస్సెక్కాల. పొయ్యి కాడ ఎప్పుడున్నాను?"

"ఆ రాయున్నన్నాళ్ళూ నానుంటానేటే?"

బిందు వెళ్ళి నిలబడింది. నాకంటే జానెడు పొడవు తను.

కట్టాక చూస్తే గట్టు నా రొమ్ముదాకా వచ్చింది. గరిటె తిప్పితే భుజాలు లాగేసేవి. ఇంక నన్ను అక్క దగ్గరికి పంపేస్తారనుకున్నాను.

ఆ తర్వాత ఒక ఆదివారం నానాజీ పొడవాటి చెక్కపీట తెచ్చి గట్టు ముందు వేశాడు. "ఎక్కి సూడమ్మా. నీ కోసమే సేయించేను. ఇంక నొప్పుండదు." ఎంత ప్రేమగా అన్నాడో.

ఎక్కాను. రాయి నా మోచేతి కిందికి సరిగ్గా వచ్చింది. పులుసు మరిగేదాకా అలాగే నిలబడ్డాను. తర్వాత పొయ్యి కట్టేసి, పీట దిగి, చీరలు సంచిలో పెట్టుకున్నాను.

"ఎక్కడికే అమ్మా?"

"వంటగది పనైపోయింది గదేటి. పులుసు కాసేను. అన్నం నువ్వెట్టుకో."

ఇట్లు, చిన్నమ్మలు, అరవై మూడేళ్ళు. ఉండేది కె. కోటపాడులో, మా అక్క ఇంట్లో.