అమీను నాలిక మీద ఉప్పు

గుల్లలపాడులో ఏ ఇంట కొత్తబియ్యం వండినా, ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఆ ఇంటి పెద్ద అమీను కథ చెప్పి తీరాలి. చెప్పకుండా తింటే అరగదని ఊరి నమ్మకం. కథ చిన్నదే. జమీందారీలు పోయి సర్కారు సర్వే వచ్చిన ఏడు, భూములు కొలిచి శిస్తు ఎంతో తేల్చడానికి ఒక అమీను గొలుసు పట్టుకుని ఊళ్లో దిగాడు. సంతబొమ్మాళి దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఆ ఊరికి ఉన్న ఆస్తల్లా తంపర ఒక్కటే. వానాకాలమంతా మంచినీళ్లు నిలిచి, పుష్యం నాటికి వరి చేతికొచ్చి, ఆ తర్వాత గడ్డికీ చేపలకీ పనికొచ్చే పల్లపు నేల అది. దానికీ సముద్రానికీ అడ్డం ఒక ఇసుక కట్ట. ఏటా వానలు వెనకపట్టగానే ఊరంతా కలిసి తాటిమొద్దులూ మొగలి కంపా వేసి ఆ కట్టను నిలబెట్టుకుంటారు. నిలబెట్టుకోకపోతే పున్నమి పోటుకి ఉప్పునీరు లోపలికొచ్చేస్తుంది.

అమీను వచ్చింది కోతలైపోయాక. ఊరిపెద్ద అప్పలసూరి పున్నమి చూసుకుని కట్ట తెగ్గొట్టించాడు. అమీను వచ్చి చూసేసరికి కనుచూపు మేర ఉప్పునీళ్లు. ఆ మహానుభావుడు వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, తుపుక్కున ఉమ్మి, ఏదో రాసుకుని పోయాడు. తంపరకి శిస్తు పడలేదు. అప్పటినుంచీ గుల్లలపాడు సర్కారుని మోసం చేసిన ఊరని చుట్టుపక్కల పేరు. ఆ పేరు చెప్పుకుని మీసం మెలేసేవాళ్లు మీసం రాని వయసునుంచే మొదలెడతారు. పిల్లలకి అమీను ఆట అని ఒకటుంది. ఎవరు బాగా ఉమ్మితే వాళ్లు గెలిచినట్టు.

అప్పలసూరి మనవరాలు కమలకుమారి చిన్నప్పుడు ఆ ఆటలో ఓడిపోయిన దాఖలా లేదు. ఇప్పుడామె ఆ ఊరి సర్పంచ్. మేనరికం కాబట్టి పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే వీధి. తాత పోయినా, తండ్రి పోయినా, కథ చెప్పడానికి చిన్నాన్న తారకేశ్వరరావు ఉన్నాడు. కట్ట తెగ్గొట్టిన రోజు తను తండ్రి భుజాల మీద కూర్చుని చూశానంటాడాయన. అంత చిన్నప్పటిది ఎలా గుర్తుందని అడిగే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు.

ఆ సంవత్సరం ఆశ్వయుజంలో పంచాయతీకి ఒక పటం వచ్చింది. సముద్రతీరం పొడుగునా ఎక్కడ ఏం కట్టాలో నిర్ణయించే భూవినియోగ ప్రణాళిక ముసాయిదా. అందులో తంపరంతా ఒకే రంగు. పక్కన ‘ఖాళీ బంజరు, గోదాములకు అనుకూలం’ అని ఉంది. అభ్యంతరాలుంటే టెక్కలి కచేరీలో విచారణకి రావాలట.

కమలకుమారి మొదట నవ్వేసింది. పచ్చగా పొట్టకొచ్చిన వరిని ఖాళీ బంజరనేవాడికి కళ్లద్దాలు కొనిపెట్టాలనుకుంది. పాత రికార్డు తీసి మొహాన కొడితే సరి, దానికింత కంగారెందుకని, పటంలో రాసిన మాట బయటపెట్టకుండానే ఊరికి ధైర్యం చెప్పి, బస్సెక్కి టెక్కలి పోయింది.

పాత రికార్డుల గదిలో ఉండేది కాశీవిశ్వనాథం. పౌరోహిత్యం చేసే ఇంట్లో పుట్టి గుమాస్తా అయినవాడు. నుదుట విభూతి చెరగదు. కాగితాన్ని చేత్తో తిప్పడు, అది పొడి అవుతుందని సన్నటి వెదురుబద్దతో తిప్పుతాడు. గుల్లలపాడు సర్వే రిజిస్టరు తెచ్చి, తంపర నంబరు వెతికి, చదివాడు.

“ఉప్పునేల. పైరు లేదు. పశువు మేయదు. ఊరివారికి దీనితో పని లేదు. ఈ సంగతి గ్రామపెద్ద అప్పలసూరి ఒప్పుకుని చేవ్రాలు చేసినాడు.” చదివి తలెత్తాడు. “మీకేమవుతారమ్మా?”

ఆ కథ కమలకుమారికి కొత్తదా? ఊగుతూ, ఉమ్ముతూ, చప్పట్లు కొడుతూ వెయ్యిసార్లు విన్నది కాదా? అమీను ఏదో రాసుకుని పోయాడన్న ముక్క దగ్గర ప్రతిసారీ అందరూ నవ్వుతారు. ఏం రాసుకున్నాడని ఇన్నేళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. తాత చేవ్రాలు గుండ్రంగా, ఠీవిగా ఉంది. అది చూస్తుంటే ఆమెకి చెంప మీద కొట్టినట్టయింది.

“మా తాత,” అంది చివరికి. “ఇది అబద్దం అయ్యగారూ. శిస్తు తప్పించుకోడానికి సెప్పిన అబద్దం. అక్కడ పండుతాది. ఇప్పుడూ పండుతంది.”

“పండొచ్చమ్మా. శిస్తు లేని నేలకి పట్టా రాదు. పట్టా లేని నేల ఎవరిదీ కాదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి రికార్డులోనూ ఈ మాటనే ఎత్తి రాశారు. నేనూ ఒకసారి రాశాను. పటం గీసినవాళ్లు చూసిందీ దీన్నే. అప్పట్లో బాగుందంటే శిస్తు వేసేవారు, పాడుదంటే వదిలేసేవారు. ఇప్పుడు బాగున్నదాని జోలికి రావడానికి భయం, పాడుదంటేనే ఎగబడతారు.” పుస్తకం మెల్లిగా మూశాడు. “చెప్పినాయన లేరు. కాదని చెప్పాలంటే మీరే చెప్పాలి.”

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్క కూర్చుని ఒక్క ఊరి పేరు కూడా చదవలేదు. ఇంటికి రాగానే చిన్నాన్న ఎదురొచ్చాడు.

“ఏటమ్మా కమలా, రికార్డు దొరికిందేటి?”

“దొరికింది సిన్నాన్నా.”

“మరింకేటి. మీ తాత ఏం సేసినా గట్టిగా సేసినోడు. ఈ ఏడు కొత్తబియ్యానికి పంచాయతీ గోడ మీద ఆయన బొమ్మెయ్యాలనుకుంతన్నారు కుర్రోళ్లు. కట్ట మీద నిలబడి సెయ్యెత్తినట్టు.”

ఆయన కళ్లల్లో వెలుగు చూసి కమలకుమారి చెప్పాలనుకున్నది మింగేసింది. ఇంటి గుట్టు లంకకి చేటన్నారు కదా, విచారణలో నాలుగు గోడల మధ్య తను చెప్పేస్తే పనైపోతుంది, ఊరికెందుకు తెలియడం అనుకుంది. తంపరని లాక్కోడానికి చూస్తున్నారు, అర్జీ పెడుతున్నాను అని మాత్రం చెప్పింది. ఎందుకు లాక్కోగలుగుతున్నారో చెప్పలేదు. ఊరికి ఆ ముక్క తెలియకుండానే కార్తీకం వచ్చింది.

విచారణ జరిపిన అధికారిణి పేరు ప్రమోదిని. కుర్రది, కానీ మాట తూచి మాట్లాడే మనిషి. ఆమె ముందు నిలబడి కమలకుమారి అమీను కథ చెప్పింది. ఊళ్లో చెప్పేటప్పుడు నవ్వొచ్చే చోటల్లా అక్కడ చెమట పట్టింది. ఉమ్మిన దగ్గరికొచ్చేసరికి కళ్లు నేలకి దించేసింది. మా తాత అబద్ధం చెప్పాడని పరాయి మనిషి ముందు అనడం ఇంత కష్టమని ఆమె ఎరగదు.

ప్రమోదిని నవ్వలేదు. “కథ బాగుందండి. ఆధారం?”

“మీరొచ్చి సూడండి మేడమ్. పైరు పాలు పోసుకుంతంది. వరి కంటే ఆధారం ఏటుంతాది?”

ప్రమోదిని సరేనంది. రిపోర్టు పంపేముందు రేపు పొద్దున్నే వచ్చి చూస్తానంది. “ఒకటి మాత్రం చెబుతున్నానండి. విన్నది రాయను. అక్కడ నా కళ్లకి కనిపించిందే రాస్తాను.”

అంతకంటే కావలసిందేముంది? దారి చూపించడానికి జీపులో తనూ వెళ్లాలి కాబట్టి కమలకుమారి ఆ పూటకి టెక్కలిలోనే చెల్లెలు జానకి ఇంట్లో ఉండిపోయింది. చిన్నాన్నకి ఫోను చేసింది.

“సిన్నాన్నా, రేపు పొద్దున్న ఆఫీసరమ్మ మన తంపర సూడ్డానికొత్తంది. రాసుకుని పోతాదట. ఊరోళ్లందర్నీ గట్టు మీదకి రమ్మను.”

అవతల ఆయన గొంతు పాతికేళ్లు తగ్గినట్టు వినిపించింది. “సూడ్డానికొత్తన్నారా? రానీ. నువ్వేటీ బెంగెట్టుకోకు తల్లీ. మన పని మాకు తెలుసు.”

ఆ మాటకి ఎంత ధైర్యం వచ్చిందంటే, చాలా రోజుల తర్వాత ఆమె కడుపునిండా తిని పడుకుంది.

పొద్దున్న జీపు గుల్లలపాడు మలుపు తిరిగేసరికి ఊరు ఊరంతా గట్టు మీదుంది. ఆడా మగా, పిల్లాజెల్లా. కమలకుమారి గుండె ఉప్పొంగింది. దగ్గరికొచ్చేకొద్దీ ఒకటి తేడాగా అనిపించింది. అందరి మొహాల్లోనూ నవ్వుంది. నేల పోతుందని బెంగపడేవాళ్ల మొహాలు కావవి. మగవాళ్ల పిక్కల దాకా తడి ఇసుక ఎండి అంటుకుని ఉంది.

జీపు దిగి గట్టెక్కింది. ఎక్కి, అలాగే నిలబడిపోయింది.

తంపర ఆకుపచ్చగా లేదు. తెల్లగా మెరుస్తోంది. కనుచూపు మేర నీళ్లు, ఆ నీళ్ల మీద నురగ, నురగలోంచి అక్కడక్కడ కంకుల కొసలు. దూరంగా ఇసుక కట్ట ఉండాల్సిన చోట సముద్రం సరాసరి లోపలికి నడిచి వస్తోంది. తెగిన గండి పోటుకి ఇంకా వెడల్పవుతోంది. ఆమె కళ్లు చూస్తున్నదాన్ని బుర్ర ఒప్పుకోలేదు. వేరే ఊరికి వచ్చామేమోనని వెనక్కి తిరిగి తన ఇంటి కప్పు కోసం వెతుక్కుంది. కప్పు అక్కడే ఉంది.

తారకేశ్వరరావు తలపాగా సర్దుకుంటూ వచ్చి ఆమె చెవి దగ్గర వంగాడు.

“పున్నమి కలిసొచ్చిందమ్మా. రాత్రి పోటుకి కొట్టించేసినాం. పనికిరాని నేలని ఎవుడెత్తుకెల్తాడు? సూసి, రుచి సూసి, ఉమ్మేసి పోతాది.”

“సిన్నాన్నా, పైరు...”

“పోతే పోనీ. మీ తాత కోతలయ్యాక కొట్టినాడు, మనకి అంత టయిము లేదు. ఊరంతా ఒక్క మాట మీదుంది. ఒక్క ఏడు గంజి తాగుతాం. నేలుంటాది కదా.”

తిడదామని నోరు తెరిచింది. ఎవరిని తిడుతుంది? వాళ్లు ఏడాది తిండిని చేతులారా సముద్రంలో పోసి ఆ నేలను కాపాడామనుకుంటున్నారు. ఆ రిజిస్టరులో ఏముందో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఒక్క పార కూడా లేచేది కాదు. చెప్పనిది తను. ఆమె చిన్నాన్న భుజం పట్టుకుంది. అన్నకూతురు మురిసిపోతోందనుకుని ఆయన ఆ చేతిని నిమిరాడు.

ఈలోగా ప్రమోదిని నీటి అంచుకి దిగింది. వేలు ముంచింది. నాలిక మీద పెట్టుకుంది. గట్టు మీద జనం ఉమ్ముతుందా లేదా అని చూశారు. ఆమె ఉమ్మలేదు. చేతిరుమాలు తీసి పెదాలు తుడుచుకుంది. గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు.

“ఉప్పే,” అంది ప్రమోదిని. బ్యాగులోంచి ట్యాబు తీసింది.

అప్పుడు కమలకుమారికి ఎక్కడినుంచో కదలిక వచ్చింది. చీర తడుస్తుందని కూడా చూసుకోకుండా నడుం లోతు నీళ్లలోకి దిగిపోయింది. చేతికందిన దుబ్బునల్లా పట్టుకుని వేళ్లతో సహా పెరికి, ఒళ్లో పెట్టుకుని తెచ్చి అధికారిణి ముందు పడేసింది.

“మేడమ్, ఉప్పునీళ్లలో వరి మొలుత్తాదా? ఈనుతాదా? కంకి నొక్కి సూడండి. పాలొత్తాయి. ఈ నీళ్లు రాత్రి వచ్చినవి. మావోళ్లే వదిలినారు. నిన్న నాను మీకు సెప్పిన కత వీళ్లకి సెప్పలేదు. అది నా తప్పు.”

గట్టు మీద నవ్వులాగిపోయాయి. ఆమె ఊరి వైపు తిరిగింది.

“ఇనండి అందరూ. మా తాత మోసం సేసింది సర్కారుని కాదు. పైరు లేదు, పశువు మేయదు, ఊరికి దీంతో పనిలేదని సేవ్రాలు పెట్టినాడు. డెబ్బై ఏల్లుగా అదే రాసుంది. ఆ మాట పట్టుకునే ఇప్పుడు ఖాళీ నేల అని ఎత్తుకెల్తన్నారు. పనికిరాని నేలే వాల్లకి కావాలి. పండే నేలని సూపించడానికి నాను ఈమెని తీసుకొచ్చినాను.”

ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తారకేశ్వరరావు తలపాగా తీసి చేతిలో పట్టుకుని, అర్థం కానివాడిలా నీళ్ల వైపూ అన్నకూతురి వైపూ మార్చి మార్చి చూశాడు. అర్థమయ్యాక ఇక ఎటూ చూడలేదు.

ప్రమోదిని ఒక కంకి తీసి గోరుతో నొక్కింది. తెల్లటి పాలచుక్క వేలికంటింది. ఇంకొకటి నొక్కింది. దుబ్బు వేళ్లు చూసింది, ఫొటోలు తీసింది, గండి దాకా నడిచి తాజాగా పారలు పడ్డ ఇసుకను చూసి వచ్చింది. కమలకుమారికి కనిపించేలా నిలబడే రాసింది. జీపెక్కబోతూ కమలకుమారితో, “నేను చూసింది రాశానండి,” అంది.

జీపు పోయాక తారకేశ్వరరావు నెమ్మదిగా అడిగాడు. “ఏటి రాసింది?”

“వరి అని రాసింది సిన్నాన్నా. సాగులో ఉంది అని రాసింది.”

ఆయన తలూపాడు. ఆ నేలకి ఎదురుగా వరి అన్న మాట రికార్డుకెక్కడం అదే మొదలు. ఈ ఏడు ఊళ్లో కొత్తబియ్యం వండే ఇల్లు ఉండదు, కథ చెప్పే అవసరమూ ఉండదు. ఆయన వంగి ఆమె ఒళ్లోంచి జారిన ఒక కంకి తీసుకున్నాడు. గింజలు దూసి నోట్లో వేసుకున్నాడు. పాలతో పాటు ఉప్పు తగిలినట్టుంది, మొహం ఒక్కసారి ముడుచుకుంది.

ఉమ్మలేదు. మెల్లగా నమిలి మింగాడు.