ఎగువకు విసిరిన డిస్కస్

లండన్ నుంచి క్రీడా సమాఖ్య ఉత్తరం వచ్చిన రోజున మ్యూరియల్ ఓల్డ్‌రాయిడ్ మగ్గం రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ తప్పు ఆమెదే. ఉత్తరాన్ని జేబులోంచి తీసి చదవడం, కుక్కుకోవడం, మళ్ళీ తీయడం. ఉన్ని మిల్లులో మగ్గాల మోతకు మాట వినబడదు. ఆడవాళ్ళు పెదాలు చూసే మాట్లాడుకుంటారు. పక్క మగ్గం హిల్డా పెదాలతోనే అడిగింది.

"ఏమంటున్నారే నీ దొరలు?"

"చెల్లదంట."

"ఏది చెల్లదు?"

"నేను విసిరింది. మైదానం వాలుగా ఉందని వాళ్ళ మనిషి చెప్పాడంట."

హిల్డా అన్న మాట మోతలో కలిసిపోయింది గానీ, పెదాలు చూసినవాళ్ళందరికీ అర్థమైంది. అది ఇంట్లో అనే మాట కాదు.

ఆ జూన్‌లో, హెబ్బుల్‌థార్ప్ క్రికెట్ మైదానంలో జిల్లా పోటీల్లో, మ్యూరియల్ డిస్కస్‌ను నూట నలభై ఒక్క అడుగుల మూడు అంగుళాలు విసిరింది. దేశంలో ఏ ఆడదీ అంత దూరం విసరలేదు. ఉక్కు టేపుతో ఇద్దరు జడ్జీలు రెండుసార్లు కొలిచారు. ఆగస్టులో పోటీలకు హాలండ్ వెళ్ళే దేశ జట్టులో ఆమె పేరు ఖాయమని ఊరంతా అనుకుంది. యుద్ధం ముగిసినా మాంసం ఇంకా రేషన్ కూపన్ల మీద ఇచ్చే రోజులు. నాలుగేళ్ళుగా వాళ్ళమ్మ తన వంతు ముక్క కూడా కూతురి కంచంలోనే వేస్తూ వచ్చింది. ఇప్పుడు ఒక్క కాగితం ముక్క వచ్చి, అదంతా జరగనేలేదంటోంది.

ఆమెకు విసరడం నేర్పింది సేత్ బాబాయే. రాతి గోడలు కట్టే మేస్త్రీ. ఉత్తరం చదివి, శనివారం మధ్యాహ్నం రసమట్టం, దారపు ఉండ, మేకులు పట్టుకొని మైదానానికి బయల్దేరాడు. మ్యూరియల్ వెంట వెళ్ళింది. నిలబడి విసిరే వలయం దగ్గర్నుంచి డిస్కస్ పడ్డ చోటిదాకా దారం లాగి, పది అడుగులకోసారి మోకాళ్ళ మీద కూర్చొని కొలిచాడు. చివరి మేకు దగ్గర టోపీ తీసి తల గోక్కున్నాడు.

"పిల్లా, వాలుందే. నిజమే."

"బాబాయ్!"

"ఆగు. తొమ్మిది అంగుళాలు. కానీ నువ్వు దిగువకి కాదు, ఎగువకి విసిరావు!"

ఆయన పొట్ట పట్టుకొని నవ్వాడు. మ్యూరియల్‌కు నవ్వు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎత్తుకు విసిరి గెలిస్తే, పల్లంలోకి దొర్లించిందన్నారు!

కొలతల కాగితం తీసుకొని ఆమె లండన్ రైలెక్కింది. సమాఖ్య కార్యదర్శి పెండరెల్ దొర టీ తెప్పించి, కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని చూశాడు.

"మీ బాబాయి గారు గుర్తింపు పొందిన సర్వేయరు కారు కదా, మిస్ ఓల్డ్‌రాయిడ్?"

"కారు. మీ మనిషి దేంతో కొలిచాడు సార్?"

"ఆయన అనుభవజ్ఞుడు. కంటితోనే..."

"కంటితోనా! మా బాబాయి కంటితో గోడ కడితే మీరు ఆ గోడ పక్కన నడుస్తారా?"

ఆయన కాగితం మడిచి ఆమె ముందుకు తోశాడు. "జట్టు ఎంపికైపోయిందమ్మా. జట్టు నీలం కోట్లు కూడా కుట్టించేశాం. మీ... భుజాలకి సరిపడేది లేదు."

"ఆ నీలం గుడ్డ నేసేది మేమే సార్. గజం తక్కువైతే నేసిస్తాను. మీకు తక్కువైంది గుడ్డ కాదు."

టీ ముట్టుకోకుండా లేచి వచ్చేసింది.

రెండు వారాలకు లండన్‌లోనే జాతీయ పోటీలు. మొదటి విసురు చుట్టూ కట్టిన వలకు తగిలింది. రెండోసారి కాలు గీత దాటిందని ఎర్ర జెండా ఎత్తారు. మూడోసారి వలయంలో నిలబడింది. ఊపిరి పీల్చి, ఒకటిన్నర చుట్టు తిరిగి వదిలింది. నూట నలభై మూడడుగులు. టేపు చివర పట్టుకొన్నది పెండరెల్ దొరే.

"ఇక్కడ నేలెలా ఉంది సార్? వాలేమైనా ఉందా?" అని మైదానానికంతా వినబడేలా అడిగింది. మెట్ల మీద జనం ఘొల్లున నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ, జట్టు మాత్రం మారలేదు.

ఆమె చోటుకు ఎంపికైన పిల్ల డాఫ్నీ లోరిమర్, వ్యాయామ కళాశాల విద్యార్థిని. ఆ రోజు నూట ఇరవై ఒక్క అడుగులతో నాలుగోది. బట్టలు మార్చుకునే గదిలో మ్యూరియల్ దగ్గరికొచ్చి నిలబడింది.

"ఆ చోటు నీది. వాళ్ళకి చెప్పాను. వినలేదు."

"నిన్నెవరన్నారు? నువ్వెళ్ళు. బాగా విసురు," అంది మ్యూరియల్. కోపం తీర్చుకోవడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నా, తన కోపం ఈ పిల్ల మీద కాదని ఆమెకు తెలుసు.

డాఫ్నీ హాలండ్‌లో చివర నిలిచింది. పత్రికలు సమాఖ్య పరువు తీస్తే, మరుసటి ఏడాది బెల్జియం వెళ్ళే జట్టులో ఇద్దరినీ వేశారు. మ్యూరియల్ కోటు చేతులు మణికట్టుకు మూడంగుళాలు పైనే ఆగాయి. దాంతోనే కవాతు చేసింది. పోటీలో రెండో స్థానం. ఆ సాయంత్రం విందులో ఆమె పేరు మీద తాగుదామని పెండరెల్ దొర గ్లాసు ఎత్తితే అందరూ ఎత్తారు.

"మా మిస్ ఓల్డ్‌రాయిడ్! మొదట్నుంచీ ఈమె మీద మాకు నమ్మకం."

మ్యూరియల్ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"మొదట్నుంచీ కాదు సార్. పోయినేడు జూన్‌లో నేను విసిరింది మీ రికార్డు పుస్తకంలో ఇంకా లేదు. రాయండి, అప్పుడు తాగుదాం."

ముందుగా గ్లాసు కింద పెట్టింది డాఫ్నీ. తర్వాత జట్టులో ఇనుప గుండు విసిరే లావుపాటి పోలీసాయన. ఆ తర్వాత ఒక్కొక్కరూ. పెండరెల్ దొర గ్లాసు ఒక్కటే గాల్లో మిగిలింది. కాసేపటికి అదీ దిగింది.

ఆ దూరం పుస్తకంలోకి ఎప్పటికీ ఎక్కలేదు. మ్యూరియల్ ఇంకా తొమ్మిదేళ్ళు విసిరింది. ప్రతి ఏడూ పోటీ దరఖాస్తులో, ఇంతవరకు సాధించినవి రాయమన్న గడిలో, నూట నలభై ఒక్క అడుగుల మూడు అంగుళాలు, హెబ్బుల్‌థార్ప్, ఎగువకు, అని రాసేది. ప్రతి ఏడూ ఎవరో దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసేవారు.