రెండు గోటి గీతలు

చండ్రుగొండ దాటాక అడవి మొదట్లో ఉన్న మట్టి స్టూడియోలో మేనేజర్ భాస్కర్ తడి స్పాంజితో పచ్చి కూజాల మెడలు తుడుస్తున్నాడు. అందరి కుండలూ ఒక్క బట్టీలోనే కాలుతాయి కాబట్టి, ఎవరివి వాళ్లు పోల్చుకోవడానికి ప్రతి ఆడమనిషీ మెడ మీద తన గుర్తు పెడుతుంది. నాంచారమ్మది రెండు గోటి గీతలు. అత్త దగ్గర నేర్చింది.

"సిటీ కస్టమర్లకు నీట్‌గా ఉండాలమ్మా. కింద సరిత పేరు రాస్తే చాలు. బ్రాండ్‌కు ఒక్క ఆర్టిస్టే ఉండాలి," అన్నాడు.

పన్నెండు మంది చేతులు, ఒక్క పేరు. అదీ తోటికోడలి పేరు! నాంచారమ్మ గోడ వైపు చూసింది. మట్టి పిసకడం తను నేర్పిన పిల్ల పోస్టరు మీద నవ్వుతోంది. దాని చంకలో ఉన్నది నాంచారమ్మ చెక్కతో తట్టి తట్టి గుండ్రం చేసిన కూజా.

మర్నాడు బట్టీ పేర్చే వంతు నాంచారమ్మది. సరిత చేసిన పెద్ద కూజా అడుగును చెంపకు ఆనించి చూసింది. చల్లగా తగిలింది. తడి ఆరలేదు, మంటకు పేలుతుంది. తెలిసే, నోరు మూసుకుని నడిమధ్యలో పెట్టింది.

మధ్యాహ్నానికి బట్టీలో ఢామ్మంది. ఆ పెంకుల దెబ్బకు చుట్టూ ఉన్నవన్నీ పగిలాయి. తనతో పనిచేసే జంపక్కవి, నాగక్కవి, తనవి కూడా.

భాస్కర్ ముఖం ఎర్రబడింది. "సరితా, రేపట్నుంచి రావద్దు. నాంచారమ్మా, ఇకమీద నీ పేరు రాస్తాం. ఫొటోకు మంచి చీర కట్టుకొని రా."

ఎన్నాళ్లుగానో కోరుకున్న మాట. తీరా విన్నాక, పెంకులు ఏరుకుంటున్న జంపక్క ముఖం చూడలేకపోయింది.

"కూజ తడిగున్నదని నాకెరుకే," అంది. "ఓర్వలేక పెట్టిన."

"నీ కండ్లమంటకు మా కష్టం బుగ్గి చేస్తవా?" జంపక్క పెంకు విసిరింది.

సరిత ఏడవలేదు. "నన్ను జూసి ఏం కుళ్లుకున్నవక్కా? నువ్వు చేసినదాని కింద నా పేరు రాయమన్నడు, రాసిన. నేను దొంగనైన, నువ్వు పగదానివైనవ్. గుర్తులు తుడిచినోడు మంచిగున్నడు."

నాగక్క లేచింది. "ఎవ్వరి గుర్తు వాళ్లకుంటేనే బట్టీ అంటుకుంటది. సరితను తీసేస్తె ఎవ్వరం రాం. ఏమంటరే?"

"అవ్! అవ్!"

మర్నాడు పొద్దున్నే పన్నెండు మందీ పచ్చి కూజాలు ఒళ్లో పెట్టుకుని బట్టీకి అడ్డంగా కూర్చున్నారు. భాస్కర్ ఒక గుర్తు తుడిస్తే వెనకాల రెండు పడుతున్నాయి. పదింటికి పోలీసు జీపు వచ్చింది.

"లీడర్ ఎవరు?"

భాస్కర్ నాంచారమ్మను చూపించాడు.

"నన్ను తోల్కపోతె బట్టీ ఎలుగుతదా సారూ?" అంటూ లేచిందామె.

జీపెక్కి వెనక్కి చూసింది. సరిత తన కూజా మీద రెండు గోటి గీతలు గీస్తోంది. పక్కన జంపక్కా అవే గీతలు. ఆ పక్కన నాగక్క, వరసంతా అవే. తన గుర్తు అందరి చేతుల్లో చూసి నాంచారమ్మకు మళ్లీ పాత ఓర్వలేనితనం గుచ్చుకుంది.

"గోరు లోతుగ దించరాదే సరితా!" జీపులోంచే కసిరింది. "గట్ల పైపైన గీస్తె వాని స్పాంజికే పోతది!"