మర్యాదైన జబ్బు

ఎంబెలా ఆరోగ్యకేంద్రంలో మర్యాదస్తులందరికీ ఒకటే జబ్బు వచ్చేది, మలేరియా. వానల్లో వచ్చేది, దోమ మచ్చుకైనా కనపడని చలికాలంలోనూ వచ్చేది. అంతా నర్సు న్యా గోండ్వే దయ. చెప్పుకోలేని రోగం ఏది బయటపడ్డా ఆవిడ సూది సరైనదే వేసేది, రాయడం మాత్రం మలేరియా అని రాసేది. రోగి పుస్తకం రోగి వెంట ఇంటికే పోతుంది, కోడలి పుస్తకం అత్తగారి పెట్టెలో ఉంటుంది మరి. తనకి ముందున్న ముసలి నర్సు నేర్పిపోయిన పద్ధతి ఇది. తన చేతి రాతవల్ల ఒక్క కాపురమూ కూలలేదని ఆవిడ గర్వం.

జిల్లా ఆఫీసు ఏ బుద్ధి పుట్టిందో ఆవిడ పంపే రోగాల లెక్కలు చూసింది. ఈ ఊళ్లో సవాయి రోగమే, అదే సిఫిలిస్, లేదు కదా, పెన్సిలిన్ దండగ అని ఆపేసి, దోమతెరలు పంపింది. జనం వాటిని కోళ్లగూళ్లకి చుట్టారు. కోళ్లు సుఖంగా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే తోవేరా అనే కోడలిపిల్లకి రక్తపరీక్షలో సవాయి తేలింది. ఆ పిల్లకి నాలుగో నెల. ముందు రెండు కాన్పుల్లోనూ ఇదే రోగం, ఇదే సూది, ఇదే మలేరియా. బిడ్డలిద్దరూ చచ్చే పుట్టారు. ఈసారి వేద్దామంటే మందే లేదు.

జిల్లా నుంచి లుసుంగు అనే లెక్కల ఉద్యోగి మోటారుసైకిలు మీద వచ్చాడు. వాడిన మందుల పద్దు చూసి, మీ ఊరి మలేరియా పెన్సిలిన్‌తో తగ్గేదేమిటని నవ్వకుండా అడిగాడు. న్యా గోండ్వే దాచలేదు, అంతా చెప్పి మందు పంపమని బతిమాలింది.

"పెళ్లానికి మలేరియా అని రాస్తే, మొగుడికి సూది ఎవరేస్తారమ్మా?" అన్నాడు అతను. "అతని దగ్గర్నుంచి ఆవిడకి మళ్లీ అంటుకోదూ?"

న్యా గోండ్వేకి తన దయ మీద తనకే రోత పుట్టింది. మొగుణ్ణి పిలిస్తే గుట్టు రట్టవుతుందని ఆవిడ ఏనాడూ పిలవలేదు.

రోగి పుస్తకంలోనూ జిల్లా లెక్కల్లోనూ రోగాన్ని ఉన్నదున్నట్టు కోడులో రాస్తే వారంలో మందు వస్తుందని లుసుంగు చెప్పాడు. ఒక అక్షరం, రెండంకెలు, ఏ అత్తగారికి అర్థమవుతుందని ధైర్యం కూడా చెప్పాడు. అతనికి ఇంకా పెళ్లి కాలేదు. న్యా గోండ్వే తోవేరాని పిలిచి, రాస్తే కాపురం పోవచ్చు, రాయకపోతే బిడ్డ పోవచ్చు అని విడమరిచి చెప్పింది.

"గెంటేస్తే మా అన్న ఇంటికి పోతాను," అంది తోవేరా. "రాసెయ్యండి."

ఏ-53 అని రాసింది. మందు వచ్చింది, మొదటి సూది పడింది.

ఊరి నోటికి మూత ఎవరు పెడతారు? సొంత ఫోను నంబరు గుర్తుండని ఆడవాళ్లకి కూడా నెల తిరక్కుండా కోడులన్నీ కంఠతా వచ్చేశాయి. పాస్టరుగారి అల్లుడికి వచ్చింది ఉత్త బీ-54, అంటే నిజం మలేరియాయేనని తెలిసి బోరింగు దగ్గర అందరూ నిరాశపడ్డారు.

ఒక పొద్దున తోవేరా సూది కోసం బెంచీ మీద కూర్చుని ఉండగా, అత్తగారు న్యా జెరే కోడలి పుస్తకం పట్టుకుని లోపలికి వచ్చింది. వెనక కొడుకు కోండ్వానీ తల దించుకుని ఉన్నాడు. వరుసలో ఉన్నవాళ్లు ఆవిడకి దారి ఇచ్చి చెవులు రిక్కించారు.

"ఇదేంటో నాకు తెలుసు నర్సమ్మా," అంది న్యా జెరే, పుస్తకం బల్ల మీద పెట్టి. "నాకూ ఈ సూదే వేశారు. కూర్చోనివ్వదు. మీ ముసలి నర్సు నాకు మలేరియా అని రాసింది. నలుగుర్ని కన్నాను, ముగ్గుర్ని పూడ్చాను. మా ఆయన్ని ఒక్కరూ పిలవలేదు."

కొడుకుని భుజం పట్టి ముందుకి తోసింది.

"వీడు మిగిలినవాడు," అంది. "వీడికి వెయ్యి."

న్యా గోండ్వే సూది వేసింది. కోండ్వానీ గొంతు తగ్గించి తన పుస్తకంలో మలేరియా అని రాయమని బతిమాలాడు. న్యా జెరే కలం తీసి నర్సు చేతిలో పెట్టి, ఉన్నది రాయమంది. ఆవిడ రాసింది.

అప్పుడు న్యా జెరే బెంచీ దగ్గరకి వెళ్లి కోడలి పక్కన కూర్చుంది. అత్తాకోడళ్లు నలుగురిలో పక్కపక్కన కూర్చోవడం ఆ ఊళ్లో ఎవరూ చూసినది కాదు. నేల చూస్తూ మెల్లగా అడిగింది.

"కదులుతోందా?"

తోవేరా ఆవిడ చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది.