డీకన్ గారి రిబ్బను

"ఏమే, ఆ కోటుకి బొత్తాలు బంగారు రంగువి పెట్టు. నల్లవి వద్దు," అన్నాడు రాస్కో, కాఫీ కప్పు ఆమె కుట్టుమిషన్ పక్కన పెడుతూ.

వెర్నెల్ మిషన్ ఆపింది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆ మనిషి కాఫీ కలిపి తెచ్చింది రెండేసార్లు. ఆమెకి గర్భసంచి తీసేసినప్పుడొకసారి. పక్క ఊరి చర్చిలో పాటలు పాడే ఆవిడ సంగతి బయటపడినప్పుడు ఇంకోసారి. ఇది మూడోది. పైగా బొత్తాల గురించి! ఏటా ఫిబ్రవరిలో బడిపిల్లల వేషాలన్నీ ఆమే కుడుతుంది. ఒక్క ఏడూ ఆ గుడ్డ ఎరుపో పచ్చో కూడా ఆయన చూడలేదు.

"ఎవరిదయ్యా ఈ వేషం?"

"నాకేం తెలుసు? బడివాళ్ళు చెప్పలేదా?"

"కొలతలు ఇచ్చారంతే. ఏడేళ్ళ పిల్లకి మగవాళ్ళ సూటు."

"మరి కుట్టు. ప్రతిదానికీ ఆరాలేమిటి?"

ఆయన వెళ్ళాక కప్పు నోటి దగ్గర పెట్టుకుంది. రెండు చెంచాల చక్కెర. ఆమెకి షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళయింది.

ఏదో ఉంది. బడి వంటగదిలో పంతొమ్మిదేళ్ళుగా ట్రేలు అందిస్తున్న వెర్నెల్‌కి వరసలో ఏ పిల్లాడు రొట్టె జేబులో దాస్తున్నాడో ముఖం చూస్తేనే తెలుస్తుంది. అమెరికాలో ఫిబ్రవరి నల్లవాళ్ళ చరిత్ర నెల; అప్పుడు ఆ బడిలో మైనపు బొమ్మల కొలువు పెడతారు. పిల్లలు గొప్పవాళ్ళ వేషాలు వేసుకుని కదలకుండా నిలబడతారు. గుండె మీద అంటించిన ఎర్ర కాగితపు మీట నొక్కితే ఆ గొప్పవాళ్ళే మాట్లాడినట్టు తమ కథ చెబుతారు. ఆ మీటలు కత్తిరించేది వెర్నెలే. కొలార్డ్ ఆకుకూర మూడు నీళ్ళలో ఇసక పోయేదాకా కడిగి, పొగపట్టిన టర్కీ ముక్కలతో ఉడికించి, మొక్కజొన్న రొట్టె కాల్చి ఆ సాయంత్రం రెండొందల మందికి పెట్టేదీ ఆమే. పంచే కాగితంలో మాత్రం ఏటా చర్చి పెద్ద, అంటే డీకన్ అయిన రాస్కో పేరు మీద ఒకటే మాట: 'విందు, డీకన్ బోయ్‌కిన్ కుటుంబం.'

మర్నాడు బడి వదిలాక రెండో తరగతి టీచరు లాట్రీస్ గేన్స్ ఒక పిల్లని భోజనాల గదికి తీసుకొచ్చింది. పేరు జకియా. పిల్ల బల్ల మీద నిలబడితే వెర్నెల్ ప్యాంటు అంచు మడిచి గుండుసూదులు పెడుతోంది.

"నేనెవరో తెలుసా? నేను డీకన్ బోయ్‌కిన్‌ని!" అంది పిల్ల.

"జకియా! చెప్పకూడదన్నానా లేదా!" టీచరు నాలుక కరుచుకుంది. "పోనీలెండి సిస్టర్, ఎప్పుడైనా తెలిసేదే. మన బడిలో అడుగుపెట్టిన మొదటి నల్లబిడ్డ డీకన్ గారేనట కదా! ఇన్నేళ్ళూ మాతో ఒక్క మాట అనలేదేం? మగపిల్లలందరికీ వేషాలు పంచేశాం, అందుకని ఇది వేస్తోంది."

వెర్నెల్ నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. లేకపోతే ఏమనేదో ఆమెకే తెలియదు.

పంతొమ్మిదివందల అరవై ఆరులో, అప్పటిదాకా తెల్లపిల్లలకే పరిమితమైన ఆ బడి గేటు దాటింది వెర్నెల్ టిస్‌డేల్ అనే ఆరేళ్ళ పిల్ల, అంటే పెళ్ళికి ముందు ఈమే, ఒక్కతే. రాస్కో అప్పుడు నదికి అవతల, అమ్మమ్మ ఇంట్లో ఉంటూ, నల్లపిల్లల బడిలో తన సాటివాళ్ళతో గోలీలాడుకుంటున్నాడు. పెళ్ళయిన కొత్తలో అతని భుజం మీద తల పెట్టుకుని ఆ ఏడాదంతా చెప్పింది. అలా చెప్పింది అతనొక్కడికే. మళ్ళీ ఒకసారి అత్తగారి ముందు నోరు విప్పబోతే, "మేమంతా ఇంతకంటే పడ్డాంలే, బఠాణీలు ఒలు," అంది ఆవిడ. తర్వాత చర్చిలో రాస్కో లేచి దేవుడు చేసిన మేళ్ళకి సాక్ష్యం చెప్పేటప్పుడు మొదటి రోజుల్లో 'నా భార్య' అనేవాడు. కొన్నాళ్ళకి 'మేము' అయింది. అప్పుడామె సంతోషపడింది కూడా, తన బరువు ఇతనూ మోస్తున్నాడు కదా అని. 'మేము' ఎప్పుడు 'నేను' అయిందో గమనించలేదు. ఆ ఆదివారాలు ఆమె చర్చి వెనక వంటగదిలో ఉంది.

రాత్రి భోజనాల దగ్గర అడిగేసింది. "బడివాళ్ళకి ఏం చెప్పావు?"

రాస్కో పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. "ఏవో ఆ రోజుల సంగతులు. నీకు నలుగురిలో నోరు పెగలదు కదే. నేను చెబితే నువ్వు చెప్పినట్టు కాదా? మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏముంది?"

ఆమె సింకు వైపు చూసింది. ఆ గిన్నెలు మాత్రం ఎప్పుడూ 'నీవే'. ఏం చెప్పాడో అంతా విన్నాకే మాట్లాడదామనుకుంది. బంగారు రంగు బొత్తాలే కుట్టింది, గట్టిగా, రెండు పేటల దారంతో.

శుక్రవారం సాయంత్రం బడి వ్యాయామశాల కొలువు చూడవచ్చిన జనంతో కిటకిటలాడుతోంది. వెర్నెల్ గరిటె పక్కన పెట్టి, ఏప్రన్‌తోనే వెళ్ళి జకియా ముందు నిలబడింది. పిల్ల టోపీ కింద జడలు దోపుకుని, రెప్ప వేయకుండా ఉంది. రాస్కో పక్కనే పాస్టరుతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. భార్యని చూసి నవ్వు ఆపాడు.

ఆమె మీట నొక్కింది.

"నేను రాస్కో బోయ్‌కిన్‌ని. ఈ బడికి వచ్చిన మొదటి నల్లబిడ్డని. ఏడాదంతా నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మధ్యాహ్నం అన్నం కోట్లు తగిలించే గదిలో తిన్నాను. ఒకడు నా జడ రిబ్బను లాగి కిటికీలోంచి పారేశాడు. మా అమ్మ ఇంకో రిబ్బను కట్టి పంపింది. నేను మళ్ళీ వచ్చాను."

"ఆమెన్!" అన్నాడు పాస్టరు. "ఎంత ఓర్పు డీకన్ మీది!" చప్పట్లు మోగాయి. ఒక మగపిల్లాడికి జడ రిబ్బను ఎందుకుందని అంతమందిలో ఒక్కరూ అడగలేదు.

జకియా మాత్రం పెదవులు కదలకుండా గొణిగింది. "ఆంటీ, డీకన్ గారికి జడలుండేవా?"

"లేవమ్మా."

"మరి రిబ్బను ఎవరిది?"

వెర్నెల్ ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టింది. కత్తిరించగా మిగిలిన ఎర్ర మీటలు వేళ్ళకి తగిలాయి. ఒకటి తీసి గుండె మీద అంటించుకుంది. పిల్ల పక్కన గోడకి వీపు ఆనించి, చేతులు కిందికి వదిలి, కదలకుండా నిలబడింది.

"వెర్నెల్, ఏంటిది? వడ్డన దగ్గర జనం ఆగిపోయారు," అన్నాడు రాస్కో గొంతు తగ్గించి. ఆమె రెప్ప వేయలేదు. మైనపు బొమ్మలు మీట నొక్కితే తప్ప మాట్లాడవు.

కబుర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. జకియా టోపీ తీసేసింది. జడలు భుజాల మీద పడ్డాయి. మునివేళ్ళ మీద లేచి, చెయ్యి చాచి, ఎర్ర మీట నొక్కింది.

"నా పేరు వెర్నెల్ టిస్‌డేల్," అంది ఆమె. "ఆ రిబ్బను పసుపుపచ్చది."